సున్న తీసిన కాగితం

గద్వాల పాత బస్టాండు ఎదురుగా ఉన్న జిరాక్సు దుకాణం బోర్డు మీద ఇప్పటికీ "రహమాన్ టైపింగ్, ఇక్కడ అర్జీలు రాయబడును" అనే ఉంటుంది. రహమాన్ సాబ్ పోయి తొమ్మిదేళ్లయింది. టైపు మిషన్ మూలపడి అంతకంటే ఎక్కువే అయింది. ఇక అర్జీల సంగతంటారా, ఎవరి గోడు వాళ్లు ఫోన్‌లోనే వెళ్లబోసుకుంటున్న రోజులాయె. అయినా బోర్డు మార్చమని ఎవరైనా సలహా ఇచ్చారో, ఆయన కూతురు జబీన్‌కు ఒళ్లు మండిపోతుంది. అక్షరాలు వెలిసిపోతే మళ్లీ అవే అక్షరాలు దిద్దిస్తుంది గాని కొత్తవి రాయించదు.

దుకాణంలో ఉండేది ఆమె ఒక్కతే. కంప్యూటర్ ముందు ఆమే, ప్రింటర్ దగ్గర ఆమే, షట్టర్ ఎత్తేదీ దించేదీ ఆమే. కానీ ఫోన్ మోగితే మాత్రం "ఆఁ, మేం చేస్తం, తీస్కరాండ్రి" అంటుంది. ఆ 'మేం'లో రెండోవాళ్లు ఎవరని పక్కన చాయ్ దుకాణం మహిపాల్ ఎన్నోసార్లు ఏడిపించాడు. జిరాక్సు మిషన్‌ను కూడా లెక్కలో వేసుకున్నావా అని అడిగాడొకసారి. ఆమె నవ్వి ఊరుకుంది. పదహారేళ్ల వయసులో తండ్రి పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నప్పటి అలవాటు అది. ఇంట్లో ఉర్దూ, మిషన్ ముందు తెలుగు. ఆయన చెప్పేవాడు, ఆమె కొట్టేది. ఇద్దరూ కలిస్తేనే ఒక కాగితం అయ్యేది.

దసరా ఇంకా పదిహేను రోజులుందనగా ఒక సోమవారం పొద్దున ఆ దుకాణం మెట్లెక్కి వచ్చింది అలివేలమ్మ. ధరూర్ దిక్కు పల్లె ఆమెది. యాభైకి అటూ ఇటూ ఉంటుంది. ఆటోలో మోకాళ్లు ముడుచుకుని వచ్చినందుకేమో, బల్ల పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత కొంగుముడి విప్పి మడతలు పడ్డ ఒక ప్రకటన కాగితం తీసి ముందు పెట్టింది.

నాగర్‌కర్నూల్ దగ్గర ఒక ట్రస్టువాళ్లు హాస్టల్ తెరుస్తున్నారు. తల్లిదండ్రులు వలసపోతే ఊళ్లో మిగిలిపోయే పిల్లల కోసం. వాళ్లను చూసుకోవడానికి ఒక మనిషి కావాలి. చదువు పట్టింపు లేదు, అనుభవం ఉండాలి, ఒక పేజీ బయోడేటా పంపాలి. ఆ చివరి మాట దగ్గరే అలివేలమ్మకు తల ప్రాణం తోకకొచ్చింది. బయోడేటా అంటే ఏందో ఆమెకు తెల్వదు. తెలిసిందల్లా ఒకటే. దసరా ఎల్లిన మూడోనాడు కూలీలను ఎక్కించుకుని మేస్త్రి లారీ పుణె దిక్కు బయలుదేరుతుంది. ఈ కొలువు రాకుంటే ఆ లారీ ఎక్కాలి. అరిగిపోయిన మోకాళ్లతో మళ్లీ మట్టి తట్ట నెత్తికెత్తుకోవాలి.

"ఈ ఒక్క పని జేసిపెట్టు చెల్లె. ఆ లారీ మల్ల ఎక్కుడు నాతోని కాదు," అంది.

జబీన్ గోడ వైపు చూసింది. అక్కడొక కాగితం అంటించి ఉంది. రెండేళ్ల కింద ఊళ్లో ఉద్యోగ మేళా జరిగినప్పుడు శిక్షణ ఇవ్వడానికి వచ్చినతను పంచిన సూచనలు అవి. బయోడేటాలో 'నేను' రాకూడదు, 'నా' రాకూడదు, 'మేము' అసలే రాకూడదు. తక్కువ మాటల్లో, పనితో మొదలుపెట్టి పనితో ముగించాలి. ఆ సూచనల్ని జబీన్ రాతి మీద గీతలా పాటిస్తూ వస్తోంది. మొదట్లో మాత్రం ఆమెకు నవ్వొచ్చింది. తండ్రి నేర్పిందానికి ఇది పూర్తిగా తలకిందులు కదా! 'నేను' లేని అర్జీని సర్కారు చూడదనేవాడు ఆయన. అడిగేది ఎవరో తెలియకుండా ఇచ్చేవాడు ఎట్లా ఇస్తాడు? అందుకే ఆయన అర్జీలన్నీ "అయ్యా, నేను" అనో, ఊరిదైతే "అయ్యా, మేము" అనో మొదలయ్యేవి. ఇప్పుడేమో అడిగే మనిషి కనపడకుండా అడగాలట. కాలం ఎంత మారిపోయింది అనుకుంది.

ఏం పని చేశావో చెప్పు అక్కా అంటే అలివేలమ్మ చెప్పడం మొదలుపెట్టింది. మొదలుపెట్టడమే ఆలస్యం, ఇక ఆగలేదు. కాలువలు తవ్వే చోట, డ్యాములు కట్టే చోట, ఎక్కడ మేస్త్రి డేరాలు వేస్తే అక్కడ, పన్నెండేళ్లు. తల్లులందరూ మట్టి పనికి పోతే పిల్లలు గుంతల చుట్టూ, నీళ్ల చుట్టూ తిరిగేవాళ్లు. ఒకసారి ఒక పిల్లవాడు గుంతలో పడి అదృష్టం కొద్దీ బతికాడు. ఆ రోజే గుంపంతా కూర్చుని, ఇద్దరు ఆడవాళ్లు తట్ట పట్టొద్దు, పిల్లల్ని పట్టాలి అని తీర్మానం చేసింది. ఆ ఇద్దరిలో ఒకరు అలివేలమ్మ, రెండోది జములమ్మ.

"తాటిపత్రి డేరా కింద నలభై మందిని కూసోవెట్టుకునేటోల్లం. అంబలి కాసినం. జరమొస్తె దవాఖానకు తీసుకపోయినం. జములమ్మ అయిదు దాంక సదివింది, సిమెంటు సంచి కాయితాల మీద బొగ్గుతోటి అచ్చరాలు దిద్దిచ్చినం. నాకు సుత ఆమెనే నేర్పింది," అని చెప్పుకుపోయింది.

డేరా ఎత్తి ఇంకోచోటికి పోయేటప్పుడు పిల్లల వరసకు ముందు అలివేలమ్మ, వెనక జములమ్మ. ఈమె ముందు నుంచి లెక్కపెట్టేది, ఆమె వెనక నుంచి. రెండు లెక్కలూ కలిస్తేనే కదిలేవాళ్లు. ఒక్కటి తేడా వచ్చినా లారీని కూడా ఆపేవాళ్లు. మేస్త్రి నోటికొచ్చినట్టు తిట్టేవాడు, జములమ్మ అంతకు రెండింతలు తిరిగి తిట్టేది. అది తలుచుకుని అలివేలమ్మ పళ్లన్నీ కనపడేలా నవ్వింది. నవ్వి, మూడేళ్ల కింద కామెర్లతో పోయింది పాపం అని కొంగుతో ముక్కు తుడుచుకుంది.

జబీన్ టైపు చేయడానికి కూర్చుంది. చిక్కు అప్పుడు వచ్చి పడింది. "చూసుకున్నాను" అని కొట్టి, చివర ఆ 'ను' వైపు అనుమానంగా చూసింది. 'నేను' తీసేసినా దాని తోక ఇక్కడే ఆడుతోంది కదా! పోనీ, ఆఫీసు భాషలో "చూసుకోవడమైనది" అందామా అంటే తండ్రి మాట గుర్తొచ్చింది. చేయడమైనది అని రాసి ఉందంటే ఎవరూ చేయలేదని అర్థం బేటీ, అనేవాడు. ఆ మాట రాయడానికి ఆమె వేళ్లు ఒప్పుకోలేదు. అలివేలమ్మ చెప్పినట్టే "చూసుకున్నం" అంటే అందులో 'మేము' ఉంది, అది అసలే కూడదు. చటుక్కున ఆలోచన తట్టింది. సున్న తీసేస్తే సరి. చూసుకున్నం, చూసుకున్న. తీసుకపోయినం, తీసుకపోయిన. నేను లేదు, మేము లేదు, తోక లేదు. మాట పొట్టిగా, ముచ్చటగా ఉంది. తన తెలివికి తనే మురిసిపోయింది.

ప్రింటు తీసి ఇచ్చింది. అలివేలమ్మ వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివింది. "వలస డేరాలలో పన్నెండేండ్లు పిల్లలను చూసుకున్న. నలభై మందికి అంబలి కాచిన. జ్వరం వచ్చిన పిల్లలను దవాఖానకు తీసుకపోయిన. సిమెంటు సంచి కాగితాల మీద అక్షరాలు దిద్దించిన. ఒక్క పిల్లను కూడా తప్పిపోనియ్యలేదు." చదివి, వేలు మళ్లీ మొదటి వరస మీదికి తెచ్చింది.

"ఈడ సున్న ఏది చెల్లె?"

బయోడేటా అంటే ఒక్క మనిషిదే ఉంటుందని జబీన్ చెప్పి చూసింది. అలివేలమ్మ తల అడ్డంగా ఊపింది. ఇట్లయితే ఇదంతా నేనొక్కదాన్నే చేసినట్టయితది, జములమ్మను కొట్టేసినట్టయితది అంది. బయట ఇద్దరు ఆధార్ కాపీల కోసం నిలబడి ఉన్నారు. కరెంటు పోయేలా ఉంది. జబీన్‌కు మామూలుగానే కోపం ముక్కు మీద ఉంటుంది.

"కొలువు నీకా, సచ్చిపోయినామెకా?" అనేసింది.

అనేశాక నాలుక కరుచుకుంది గాని నోరు జారిన మాట వెనక్కి వస్తుందా? అలివేలమ్మ తన ఫోన్ ఒకనాడు పలికితే నాలుగునాళ్లు పలకదు కాబట్టి కాగితం కింద దుకాణం నంబరే వేయించింది. మడతపెట్టి, పోస్టాఫీసు ఎటు అని అడిగి, మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ రోజంతా జబీన్‌కు చేసిన ఏ పనీ రుచించలేదు.

వారం తర్వాత ఫోన్ మోగింది. "ఆఁ, మేం చేస్తం, చెప్పుండ్రి" అంది అలవాటుగా. అవతల నుంచి పుస్తకం చదివినట్టు స్పష్టమైన తెలుగులో ఒక ఆడగొంతు వినిపించింది. ట్రస్టులో మనుషుల్ని ఎంపిక చేసే స్వరూప మేడం ఆమె. అలివేలమ్మ గారి బయోడేటాలో వాక్యాలేవీ పూర్తి కాలేదు, అన్నీ సగంలో ఆగిపోయాయి అంది. జ్వరం వచ్చిన పిల్లలు అర్థమైంది, కానీ తీసుకపోయిన ఎవరు? అక్షరాలు దిద్దించిన ఎవరు? ఒక్క పిల్లను కూడా తప్పిపోనియ్యలేదు అన్న మాటే తనకు అర్థమైందట. ఆ ఒక్క మాట కోసమే పిలుస్తున్నానని, గురువారం వనపర్తి ఆఫీసుకు సరైన కాగితం పట్టుకుని రమ్మనమని చెప్పి పెట్టేసింది.

జబీన్ ముఖం కందగడ్డ అయింది. ముప్పై ఏళ్లలో రహమాన్ టైపింగ్ నుంచి వెళ్లిన కాగితం ఒక్కటీ వాపసు రాలేదు. ఆమె లేచి, మూల బట్ట కప్పి ఉన్న టైపు మిషన్ దగ్గరికి వెళ్లింది. బట్ట తీసింది. మీటల మీద అక్షరాలన్నీ ఇంకా కనపడుతున్నాయి, సున్న ఒక్కటే అరిగి నున్నగా అయిపోయింది. ఎందుకట్లా అని చిన్నప్పుడు అడిగింది తను. ఒక్కడొస్తే సున్నతో పనిలేదు, ఊరొస్తే సున్నలే సున్నలు అన్నాడాయన. బోరింగు కావాలని, బడి కావాలని, బస్సు కావాలని ఊళ్లకు ఊళ్లు ఎడ్లబండ్లలో దిగేవి. నిన్న వచ్చినం, మొన్న అడిగినం, మల్ల వచ్చినం అని చెప్పుకునేవి.

"లెక్కల సారు సున్న అంటే ఏం లేదంటడు. మన మిషన్ మీద సున్న అంటే ఊరు ఊరంత బేటీ," అనేవాడు ఆయన.

ఆ సున్ననే కదా తను గీకి పారేసింది! జబీన్‌కు ఏడుపొచ్చింది. ఆయన పోయినప్పుడు కూడా దుకాణంలో ఏడవలేదు, ఇంట్లోనే ఏడ్చింది. ఇప్పుడు అరిగిన మీట మీద వేలు పెట్టుకుని, ఎవరన్నా వస్తారేమో అన్న ధ్యాస కూడా లేకుండా ఏడ్చింది. కాసేపటికి మహిపాల్ చాయ్ పట్టుకొచ్చి, గ్లాసు బల్ల మీద పెట్టి, ఎన్నడూ లేనిది ఒక్క మాటైనా అనకుండా వెళ్లిపోయాడు.

అలివేలమ్మ ఊరికి కబురు పంపి, గురువారం దుకాణానికి తాళం వేసి తనే అలివేలమ్మతో బస్సెక్కింది. దారిలో క్షమాపణ లాంటిదేదో చెప్పబోయింది. కొత్త కాగితం తేలేదు, పాతదాని తప్పు నాది, నేనే చెప్పుకుంటా అంది. అలివేలమ్మ ఆమె చేతి మీద చెయ్యేసి, పోనీ తియ్యి చెల్లె అంది. నోట్లో నాలుక లేని మనిషి, అక్కడ ఏం చెప్తుందో ఏమో అని వనపర్తి వచ్చేదాకా జబీన్ పరేషాన్ అవుతూనే ఉంది.

ఆఫీసంటే ఒక అద్దె ఇల్లు. స్వరూప మేడం నలభై ఏళ్ల మనిషి, ఏలూరు వైపు నుంచి వచ్చిందట. కుర్చీలు చూపించి కూర్చోమంది. జబీన్ ముందుగానే అందుకుంది. మా దిక్కు 'చేసిన' అంటే 'నేను చేశాను' అని అర్థం మేడం, అది సగం మాట కాదు, నిండు మాట అని చెప్పింది. మేడం మళ్లీ కాగితం తీసి చూసుకుంది. ఒక్కో వరసా కొత్తగా చదివి, తన తెలివితక్కువతనానికి తనే నవ్వుకుంది.

"అంటే ఇదంతా మీరొక్కరే చేశారన్నమాట, అలివేలమ్మ గారూ! చాలా గొప్ప విషయం."

తల ఊపితే చాలు. కొలువు గడప దాకా వచ్చి నిలబడింది. జబీన్ బల్ల కింద నుంచి అలివేలమ్మ మోకాలిని తట్టింది. అలివేలమ్మ తల ఊపలేదు.

"కాదు మేడం. ఆ కాయితంల సున్నలు లెవ్వు."

మేడంకు అర్థం కాలేదు. జబీన్ ఒక క్షణం అలివేలమ్మ ముఖంలోకి చూసింది. తర్వాత చేతిసంచిలోంచి పెన్ను తీసి, కాగితం ఇటివ్వండి మేడం అని తీసుకుని, ఒక్కో వరస చివర ఒక్కో సున్న చుట్టింది. చూసుకున్నం. కాచినం. తీసుకపోయినం. దిద్దించినం. చివరి వరస దగ్గర ఆగింది. తప్పిపోనియ్యలేదు. దానికి సున్న అక్కరలేదు. సున్న ఉంటే ఇద్దరని, లేకుంటే ఒక్కరని మేడంకు చెప్పింది. ఆ ఇద్దరిలో రెండోది జములమ్మ అని అలివేలమ్మ చెప్పింది.

మేడం కుర్చీలో సర్దుకుని కూర్చుంది. దాపరికం లేకుండా సంగతి చెప్పింది. హాస్టల్లో ముప్పై అయిదు మంది పిల్లలు ఉంటారు, ఇచ్చింది మాత్రం ఒక్క పోస్టే. ఒక్కరే చూసుకోగలిగితేనే తీసుకోవడం కుదురుతుంది. చూసుకోగలరా అని అడిగింది.

అలివేలమ్మ కాసేపు తన చేతుల వైపు చూసుకుంది. తట్ట పట్టి పట్టి కాసిన కాయలు ఆ చేతులకు ఇంకా పోలేదు.

"సూసుకుంట అంటె కొలువొస్తదని తెల్సు మేడం. గని ఒక్కదానితోని కాదు. నేను ముంగట నడుస్తుంటె ఎనక పిల్ల ఆగిపోతె నాకెట్ల తెలుస్తది? ముంగటి లెక్క, ఎనకటి లెక్క కలవాలె. కలిసినయి గనుకనే ఒక్క పిల్ల సుత తప్పిపోలే."

అయిపోయింది అనుకుంది జబీన్. చేతికొచ్చిన ముద్ద నేలపాలు చేసుకుంది మనిషి. మనసులో తిట్టుకుంది కూడా. కానీ ఆ తిట్టు కిందనే ఏదో వెచ్చగా అనిపించింది. ఇట్లా మాట్లాడే వాళ్ల మధ్యనే కదా తను పెరిగింది అనిపించింది.

మేడం బయోడేటాను అటూ ఇటూ తిప్పింది. చివరికి, నేను ఇప్పటికి పదకొండు మందిని అడిగాను, అందరూ ఒక్కరమే చూసుకుంటామన్నారు అంది. అని, కాగితం బల్ల మీద పెట్టింది.

"జములమ్మ గారిని కూడా తీసుకురండి. ఇద్దరితోనూ మాట్లాడదాం."

అలివేలమ్మ జబీన్ వైపు చూసింది. జబీన్ తల దించుకుంది.

"ఆమె రాదు మేడం. మూడేండ్లాయె పోయి."

ఇంతసేపూ ఆమె ఉన్నట్టే మాట్లాడారే అంది మేడం, మెల్లగా.

"ఇద్దరం చేసినం గద మేడం. మనిషి పోతె, చేసిన పని సుత పోతదా?"

మేడం కళ్లజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచింది. తర్వాత ఒక ఫారం తీసి అలివేలమ్మ పేరు రాసింది. దసరా ఎల్లిన మరునాడే వచ్చి చేరమంది. వెనక నిలబడే మనిషిని మీరే వెతుక్కోండి, లెక్క సరిగ్గా పెట్టేవాళ్లయితే చాలు అంది. రెండో పోస్టు ఇవ్వమని పైవాళ్లను తాను అడుగుతుంది, కానీ ఊరికే అడిగితే వినరు, గట్టిగా ఒక అర్జీ పెట్టాలి. తనకు అట్లాంటివి రాయడం రాదు. జబీన్ వైపు తిరిగి, మీరు రాసిపెడతారా అని అడిగింది.

"రాస్తం మేడం," అంది జబీన్.

మేడం పెన్ను పట్టుకున్న చెయ్యి ఆపి, తలెత్తి చూసింది. అప్పుడే నేర్చుకున్న పాఠం కదా, చెవికి సున్న వినపడింది.

"రాస్తం అన్నారు. మీ దుకాణంలో ఎంతమంది ఉంటారు?"

జబీన్‌కు బోర్డు మీద దిద్దించిన అక్షరాలు, అరిగిన మీట, పక్కన ఖాళీ స్టూలు కళ్ల ముందుకొచ్చాయి.

"ఇద్దరం," అంది.